కాలి వెండి, నెత్తి వెండి

చలికాలం సాయంత్రాలు మీరెక్కడ కూర్చుంటారో గాని, నేను మాత్రం మా నాచారం సందులో అవుసులాయన కొట్టు అరుగు మీద కూర్చుంటాను. ఎందుకంటే ఆయన దగ్గర కుంపటి ఉంది. గ్యాసు మంట కూడా ఉందనుకోండి. కాని చిన్న చిన్న అతుకులకి బొగ్గుల కుంపటీ ఊదుగొట్టమే చేతికి లొంగుతాయంటాడు. ఆ పని సంగతి నాకు తెలియదు, చలి సంగతి తెలుసు. ఉప్పల్ రింగు రోడ్డులో దిగి, వరంగల్ బస్సుల వెంట పరుగెత్తే జనాన్నీ, ఏళ్ల తరబడి లేస్తూనే ఉన్న ఫ్లైఓవర్ స్తంభాలనీ దాటుకుని ఇల్లు చేరేసరికి ముక్కులో దుమ్ము, చెవుల్లో హారన్ల మోత. ఆ కుంపటి పక్కన ఓ పావుగంట కూర్చుంటే రెండూ దిగిపోతాయి. రండి, కాస్త జరుగుతాను.

మొన్నొకరోజు ఏడేళ్ల మా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. దాని పట్టీకి గజ్జె ఊడింది. అది అతికేలోపు మా పై అంతస్తు ఆపా వచ్చింది. బుర్ఖా మడతల్లోంచి ఎర్ర గుడ్డ మూట ఒకటి తీసి, "భయ్యా, జర దీని తూకం చూడు. కొడుకు అమ్మేద్దామంటున్నడు. వెండి కిలో లక్ష దాటిన కాడికెల్లి వాడికి నిద్ర పడతలేదు" అంది.

మూట విప్పితే సగం విచ్చుకున్న విసనకర్ర లాంటి నగ. పైన కొక్కెం, కొక్కేనికి చిన్న బిళ్ళ, బిళ్ళ కింద రేకు, రేకు అంచున వరసగా ముత్యాల కుచ్చులు. కొన్ని కుచ్చులు రాలిపోయి, పాలపళ్లు ఊడిన పిల్ల నవ్వులా ఉంది. అవుసులాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మన చంద్రవంక లెక్కనే ఉంది గద ఆపా. దీని జోడేది, సూర్యవంక?" అని అడిగాడు.

"జోడుండదు భయ్యా. ఝూమర్ ఒక్కటే ఉంటది. ఎడమ దిక్కు పెడతరు."

మనవాళ్లకి తల అంటే సరిసమానంగా ఉండాలి. పాపిటకి కుడిపక్క సూర్యుడు, ఎడమపక్క చంద్రుడు, నడిమి పాపిటబిళ్ళ, వెనక రాగిడి, దానికింద జడబిళ్ళలు, చివర కుప్పెలు. కూచిపూడి పిల్లని ముందునుంచి చూస్తే నగలన్నీ తక్కెడలో తూచి పెట్టినట్టుంటాయి. హైదరాబాద్ ముస్లిం పెళ్లికూతురికి పాపిట మీద టీకా మనలాగే నడిమి ఉంటుంది. కాని ఝూమర్ వచ్చేసరికి లెక్క తప్పుతుంది. ఒక్క పక్కే. ఆరుగజాల ఖడా దుపట్టా అంచు కింద, ఎడమ కణత మీదికి వాలి ఉంటుంది. ఝూమర్ అంటే ఉర్దూలో గదిలో వేలాడే దీపాల గుత్తి కూడాను. తల తిప్పినప్పుడల్లా కుచ్చులు కదిలి, గుత్తి వెలిగినట్టే ఉంటుంది. సరిసమానంగా ఉన్న నగ బొమ్మకి అందం, ఒక పక్కకి ఒరిగిన నగ నడిచే మనిషికి అందం అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

పేర్లు వేరైనా చాలా నగలు ఇరుగుపొరుగువే. మన కంటె వాళ్ల హసులీ. మన ముక్కు నత్తు వాళ్ల నథ్. మన నల్లపూసలకి సాటి వాళ్ల కాలీపోత్ కా లచ్ఛా. పెళ్లయిన గుర్తుగా నల్లపూసలు ధరించడం హైదరాబాద్ ముస్లిం ఇళ్లలోనూ ఉంది. మెడకి హత్తుకునే పట్టెడ లాంటిదాన్ని వాళ్లు చింతాక్ అంటారు. చింతాకు పతకం మన పాత నగ. ఎవరిని చూసి ఎవరు పేరు పెట్టుకున్నారో నేను పందెం కట్టను గాని, చింతచెట్టు మాత్రం మన పెరట్లోదే.

సరే, అవుసులాయన గీటురాయి తీసి ఝూమర్ మూలని ఒక గీత గీశాడు. పైన పసుపు, లోపల తెలుపు. బంగారు నీళ్లు పోసిన వెండి. ఆయన ముఖం చిట్లించి, "పైన బంగారం పూస్తే పూసిండ్రు గాని, నెత్తి మీద వెండేందమ్మా? వెండి కాళ్లకు గద" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. నిజమే, మన ఇళ్లలో బంగారం నడుము పైన, వెండి నడుము కింద. బంగారం లక్ష్మి, కాలికి తగలకూడదు. అందుకే వడ్డాణం దాకా బంగారం, అక్కణ్ణుంచి పట్టీలు, కడియాలు, అందెలు, మెట్టెలు అన్నీ వెండి. ఈ లెక్కలో వెండి అంటే బంగారం వెళ్లలేని చోటికి వెళ్లే లోహం. మరి దాన్ని తల మీద పెట్టుకునేవాళ్లు ఏ లెక్కన పెట్టుకున్నారు?

ఇస్లాం సంప్రదాయంలో మగవాళ్లకి బంగారమూ పట్టూ నిషేధం, ఆడవాళ్లకి కాదు. మగవాళ్లకి వెండి ఉంగరం చెల్లుతుంది. ప్రవక్త ముద్ర ఉంగరం వెండిదే. ఆయన తర్వాత అబూబకర్, ఉమర్ వేళ్లు దాటి మూడో ఖలీఫా ఉస్మాన్ దగ్గరికి వచ్చాక, మదీనాలో అరీస్ అనే బావిలో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదని హదీసుల్లో ఉంది. చార్మినార్ దగ్గర అకీకు రాయి, ఫిరోజా రాయి పొదిగిన వెండి ఉంగరాలు తొడుక్కున్న పెద్దమనుషులు ఇప్పటికీ ఎంతమందో. వెండి అక్కడ బంగారం కొనలేనివాడి లోహం కాదు. ధర్మం తెలిసినవాడి లోహం. దాన్ని తక్కువ చేసి చూసే ఆచారం వాళ్లకి లేదు, అంతే.

బంగారు వెండి పాత్రల్లో తినకూడదనీ ఉంది. దీనికో పిట్టకథ. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది కదా, 2018 సెప్టెంబరులో అక్కడి బంగారు టిఫిన్ డబ్బాని ఇద్దరు ఎత్తుకుపోయారు. వారం రోజుల్లో పట్టుకున్నారు. ఏడో నిజాం ఆ డబ్బాలో ఒక్కపూట కూడా తినలేదట గాని, దొంగ మాత్రం రోజూ దాంట్లోనే తిన్నాడని పోలీసులు చెప్పారు. మొత్తానికి డబ్బా జన్మ ధన్యమైంది.

వెండి నెత్తి కథకి అసలు చోటు ఎడారులూ గడ్డిమైదానాలూ. మధ్య ఆసియాలో తుర్క్‌మెన్ ఆడవాళ్లు తలపాగాలకీ టోపీలకీ వెండి రేకులు కట్టేవారు. ఆ వెండి మీద అక్కడక్కడ బంగారు పూత, నడుమ ఎర్రటి అకీకు రాళ్లు. పెళ్లికూతురి ఒంటి మీద నగ కిలోల లెక్కన ఉండేది. నడిస్తే గలగలలాడాలి, ఆ చప్పుడుకి దిష్టి పారిపోవాలి. పిల్లలు పుట్టి వయసు పెరిగే కొద్దీ ఒక్కొక్కటే తీసేసి, నగలు తగ్గించుకుంటూ పోయేవారు. మన దగ్గర ముసలమ్మ ఒంటి మీద బంగారం ఎక్కువా, కోడలి ఒంటి మీద ఎక్కువా అన్నది ఇంటింటి రాజకీయం కాబట్టి ఈ పద్ధతి మీద నేనేమీ అనను.

యెమెన్‌లో అయితే ముస్లిం ఆడవాళ్ల వెండి నగల్ని ఎక్కువగా చేసింది యూదు కంసాలులు. తీగపని, గింజపని వాళ్ల చేతిలో అంత సన్నగా వచ్చేది. 1949-50లో దాదాపు 49 వేలమంది యెమెన్ యూదులు విమానాల్లో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. వాళ్లతో పాటు చేతిపనీ వెళ్లిపోయింది. ఆ నగలకి వెండి ఎక్కణ్ణుంచి వచ్చేదో తెలుసా? ఆస్ట్రియా రాణి మరియా థెరిసా బొమ్మ ఉన్న థాలర్ నాణేల నుంచి. రాణి 1780లో చనిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ముద్రించినా నాణెం మీద 1780 అనే వేశారు. ఎందుకంటే అరబ్బులకీ ఇథియోపియా వాళ్లకీ ఆ తేదీ, ఆ బొమ్మే నమ్మకం. 28 గ్రాముల బరువు, నూటికి 83 పాళ్లు వెండి. కరిగిస్తే నగ, కరిగించకపోతే గొలుసుకి బిళ్ళ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకి వచ్చిన అరబ్బుల సంతతే మన బార్కస్ వాళ్లు. మనకి వాళ్ల నుంచి హలీమ్ రుచి ఒక్కటే గుర్తుంది.

నాణెం అంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మకి రూపాయల పేరు ఉండేది. నల్లటి దారానికి వెండి రూపాయలు గుచ్చిన హారం. అందులో కొన్ని చార్మినార్ బొమ్మవి, కొన్ని రాజు తల బొమ్మవి. చార్మినార్ బొమ్మవి హాలీ సిక్కా, నిజాం రూపాయలు. రాజు తలవి కల్దారు, ఇంగ్లీషు రూపాయలు. చిన్నప్పుడు నాకు చార్మినార్ బొమ్మవే అందంగా కనిపించేవి. అమ్మమ్మ మాత్రం రాజు తలల్నే లెక్కపెట్టుకునేది. ఎందుకో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 82 పాళ్లకి కాస్త తక్కువ. కల్దారు 11.66 గ్రాములు, వెండి నూటికి దాదాపు 92 పాళ్లు. బజారులో ఆరు కల్దార్లకి ఏడు హాలీలు మారకం. మీరు కాగితం మీద లెక్కకట్టి చూడండి, రెండు నాణేల్లోని వెండి తేడా కూడా దాదాపు అంతే వస్తుంది. బడికి వెళ్లని అమ్మమ్మకి ఈ లెక్క మెడలోనే ఉంది.

తులం అన్నమాట కూడా ఆ కల్దారు బరువే, 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్లో తులం అంటే పది గ్రాములు. ఆ గ్రామున్నర ఎప్పుడు ఎవరు కాజేశారని నేను అడిగితే అవుసులాయన ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

ఇక మన కళ్ల ముందే ఉన్న నెత్తి వెండి. ఉప్పల్ రింగు రోడ్డులో పొద్దున్నే నిలబడి చూడండి. వరంగల్ వైపు నుంచి వచ్చే బస్సుల్లోంచి తండాల పెద్దావిడ ఎవరో ఒకరు దిగుతారు. చెంపల పక్కగా జుట్టుకి కట్టి వేలాడే వెండి గుత్తులు ఉంటాయే, అవి ఘుగ్రీ టోప్లీ. లంబాడీల్లో పెళ్లయిన ఆడవాళ్ల గుర్తు. మన మెట్టెలు కాలివేళ్ల మీద చెప్పే మాటని వాళ్ల ఘుగ్రీ చెంపల మీద చెబుతుంది. ఆవిడ పక్కన నిలబడ్డ కూతురు కాలేజీ బ్యాగు తగిలించుకుని చెవులకి చిన్న రింగులతో సరిపెట్టుకుంటుంది. ఈ బంజారాలు ఎద్దుల మందల మీద ధాన్యం మోసి, దక్కను మీదికి వచ్చిన మొగలు సైన్యాలకి తిండి అందించినవాళ్లు. రాజస్థాన్ ఇసుక నుంచి మన మెట్టల దాకా నడిచినవాళ్లు. స్థిరమైన ఇల్లు లేనివాడికి బీరువా ఉండదు, ఒళ్లే బీరువా. ఇది తుర్క్‌మెన్‌కీ వర్తిస్తుంది, అరబ్బు ఎడారుల బెదూయిన్‌కీ వర్తిస్తుంది. ఇల్లు గడవనప్పుడు ఒక బిళ్ళ తీసి అమ్మితే చాలు. దానికి వెండి అనువు, ఎందుకంటే బంగారాన్ని గోధుమల మూటకి ఎవడు చిల్లర ఇస్తాడు?

ఇదంతా అవుసులాయనకి చెబితే, "ఆల్లకు ఇల్లు లేదు సరే, ఆపాకు ఇల్లున్నది గద" అన్నాడు. ఈయనతో ఇదే చిక్కు. ఏది చెప్పినా దాని కింద ఇంకో మెట్టు అడుగుతాడు.

ఆపా వాళ్లది తరతరాలుగా మౌలాలీ. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా వెళ్తే ఎంతసేపు? మా మేడ మీద నిలబడితే ఆ గుట్టే కనిపిస్తుంది. హజ్రత్ అలీ చేతిగుర్తు రాయి మీద పడిందన్న నమ్మకంతో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నుంచీ జనం మెట్లెక్కుతున్న గుట్ట. ఆ గుట్ట పాదం దగ్గర ఒక తోట, తోటలో ఒక సమాధి. మహలఖా బాయి చందాది. 1768లో పుట్టి 1824లో పోయిన ఆ మనిషి నిజాం దర్బారులో గాయని, నర్తకి, కవయిత్రి. ఉర్దూలో సొంత దీవాన్, అంటే కవితల సంపుటి, కూర్చుకున్న తొలి ఆడవాళ్లలో ఒకరు. 1799లో ఆ దీవాన్ ప్రతిని బ్రిటిష్ దొర మాల్కంకి కానుకగా ఇచ్చింది. వేటకీ యుద్ధానికీ మగ దుస్తుల్లో నిజాం వెంట వెళ్లేదట. తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం 1792లో కట్టించిన సమాధి పక్కనే తానూ పడుకుంది. ఆవిడ జాగీరుల్లో అడిక్‌మెట్ ఒకటి. ఇప్పుడక్కడ ఉస్మానియా యూనివర్సిటీ. మనలో ఎంతమందిమి ఆవిడ నేల మీద డిగ్రీలు పుచ్చుకున్నామో!

ఆవిడ పేరు చూడండి. మహలఖా అంటే చంద్రముఖి. చందా అన్న కలం పేరూ చంద్రుడే. నగల్లో కూడా చంద్రుడి కథే నడుస్తుంది. పదకొండో శతాబ్దంలో ఈజిప్టులో ఫాతిమీలు ఏలుతుండగా అక్కడి కంసాలులు నెలవంక ఆకారంలో బంగారు తీగల లోలకులు చేశారు. అలాంటివి న్యూయార్క్‌లోని ఒక మ్యూజియంలో ఉన్నాయి. మన పిల్లలు చాంద్‌బాలీ అని ఆన్‌లైన్లో తెప్పించుకునేవీ ఆ నెలవంకల్నే గుర్తుచేస్తాయి. మన చంద్రవంకకి ఈజిప్టుతో సంబంధం ఉందని నేననడం లేదు. నెలవంక ఆకాశంలో ఉంది, ఎవరైనా తలెత్తి చూసి చేసుకోవచ్చు.

ఇప్పుడు మగవాళ్ల తలలకి వద్దాం. వాళ్లనీ వదలొద్దు. మొగలు పాదుషాలు తలపాగాకి కొంగ ఈక గుచ్చుకునేవారు. దాన్ని పట్టి ఉంచే రత్నాల తొడుగుతో కలిపి కల్గీ అన్నారు. వేలాడే కుచ్చు తుర్రా. తలపాగా ముందు భాగాన కట్టే రత్నాల పట్టీ సర్పేచ్, సర్ అంటే తల, పేచ్ అంటే చుట్టు. ఇవి ఎవరుబడితే వాళ్లు పెట్టుకునేవి కావు. పాదుషా పెట్టుకోవాలి, లేదా పాదుషా ఇవ్వాలి.

కల్గీ, తుర్రా. రెండూ కలిపి రెండుసార్లు అనండి. ఎక్కడో విన్నట్టు లేదూ? కలికితురాయి! భద్రాచలం రామదాసు చేయించిన నగల్లో సీతమ్మకి చింతాకు పతకం, రాములవారికి కలికితురాయి ఉన్నాయి. ఆ ఖర్చు లెక్కలన్నీ ఆయన కీర్తనలోనే దేవుడి ముందు ఏకరువు పెట్టాడు. గోల్కొండ సుల్తాను తానీషాకి కట్టాల్సిన పన్ను డబ్బుతో, గోల్కొండ దర్బారు తలపాగా మీది నగ లాంటిదాన్ని అయోధ్య రాముడి తలకి చేయించి, దానికోసం గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు కూర్చున్నాడు. తర్వాత అదే తానీషా పేరుమీద రాములవారి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ పడింది. ఇప్పటికీ ప్రభుత్వం పంపుతోంది. ఏది ఎవరి మతం నగ అని ఎవరైనా నన్ను అడిగితే భద్రాచలం టికెట్ కొనిస్తాను. తురాయి అన్న మాట మనకెంత సొంతమైపోయిందంటే కోడి జుట్టుకీ తురాయే, వేసవిలో ఎర్రగా పూసే చెట్టుకీ తురాయే.

సినిమా రాముడికీ తురాయి తప్పలేదనుకోండి. ఆ రాముడు రామారావుగారు స్టూడియో కట్టింది మా నాచారంలోనే, రామకృష్ణా హార్టికల్చరల్ స్టూడియో. ఆయనే 'అక్బర్ సలీం అనార్కలి' తీసి, తాను అక్బరై, కొడుకు బాలకృష్ణని సలీం చేశారు. కిరీటం ఎంత కుదిరిందో తలపాగా మీద తురాయీ ఆయనకి అంతే కుదిరింది.

రాజుల నెత్తి నగలకి ఏ ఢోకా లేదు. నిజాం నగల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం దాదాపు 218 కోట్లు పెట్టి కొంది. మొత్తం 173 నగలు, సర్పేచ్‌లూ తుర్రాలూ బాజూబందులూ, 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రమూ. రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటాయి. 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో చూపిస్తే జనం బారులు తీరి చూసి వచ్చారు. నేనూ ఆ వరసలో నిలబడ్డాను. అద్దాల వెనక దీపం వెలుగులో ఒక సర్పేచ్ ముందు నిలబడితే వెనకున్న కానిస్టేబులు "నడవాలమ్మా, నడవాలి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు గాని, నేను కొనడానికి వచ్చినట్టు కాదుకదా, చూడటానికి వచ్చినట్టు కూడా అనిపించలేదు. ఆ నగలకి పట్టిక ఉంది, నంబరు ఉంది, తుపాకీ కాపలా ఉంది. బేగంల ఒంటి మీద ఉన్నవాటికీ కొంతవరకు ఉంది. ఆ బేగంలకి పాలు పోసిన ఆవిడ, కోట బయట కూరగాయలు అమ్మిన ఆవిడ పెట్టుకున్న వెండి ఝూమర్‌కి ఏముంది? ఎర్ర గుడ్డ మూట ఉంది.

వెండికి ఉన్న శాపం ఇదే. బంగారాన్ని అమ్మేటప్పుడు ఇల్లంతా ఆలోచిస్తుంది. వెండిని ఇచ్చెయ్యడానికి ఎవరూ ఆలోచించరు. నేనే ఆలోచించలేదు. మా అత్తమ్మ కడియాలు ఉండేవి, జోడు అరవై తులాలు. మకరం నోళ్లు, మీద సన్నటి చెక్కడం. కాలికి రాసుకుని రాసుకుని లోపలి అంచు అద్దంలా అయ్యింది. ఆవిడ పోయిన రెండో ఏడు, "ఇవి ఇప్పుడెవరు పెడతారు" అనుకుని నగరంలో ఒక పెద్ద కొట్టుకి తీసుకెళ్లి మార్పిడి చేశాను. వాళ్లు తూకం వేశారు, తరుగు తీశారు, లోపల లక్క ఉందని మళ్లీ తీశారు. కొత్తదానికి మజూరీ కలిపారు. మా అత్తమ్మ కడియం చెక్కినవాడి మజూరీ ఆ లెక్కలో ఎక్కడా రాలేదు. ఒక పళ్లెం, రెండు గ్లాసులు, ఒక కుంకుమ భరిణె తెచ్చుకుని సంతోషంగా ఇంటికొచ్చాను. ఆ పళ్లెం మీద అచ్చుయంత్రం వేసిన తామరపువ్వు ఉంది. మా వీధిలో నాలుగిళ్లలో అదే పువ్వు ఉంది.

చెయ్యి ఎలా పనిచేస్తుందో చూడాలంటే కరీంనగర్ తీగపని చూడండి. మన ఉప్పల్ భగాయత్‌లో 2019లో తెరిచిన చిన్న శిల్పారామానికి వెళ్తే చేతిపనులవాళ్లు ఎవరో ఒకరు దుకాణం పెడుతుంటారు. తీగపని కనిపిస్తే వదలకండి. వెండిని కమ్మచ్చు కన్నాల గుండా లాగి లాగి వెంట్రుకంత చేస్తారు. రెండు తీగలు పెనవేసి, నలగ్గొట్టి చదును చేస్తారు. అప్పుడు అంచు మీద సన్నటి పళ్లు పడినట్టు గరుకు వస్తుంది, మెరుపంతా ఆ గరుకుదే. ముదురు తీగతో ఆకు చట్రం కట్టి, లోపల ఈ సన్న తీగని చుట్టలు చుట్టలుగా పట్టకారుతో కూర్చి నింపుతారు. పైన టంకం పొడి, వెలిగారం చల్లి మంట చూపిస్తే అన్నీ ఒక్కటవుతాయి. ఒక్క క్షణం ఎక్కువైతే ఆకు కాస్తా ముద్ద. ఒకప్పుడు ఎల్గందల్‌లో ఉన్న పని తర్వాత కరీంనగర్ చేరింది. అత్తరుదానులు, పాన్‌దానులు, గులాబీ నీళ్లు చిలకరించే బుడ్లు చేసి నవాబుల ఇళ్లకి పంపేవారు. నిజాం మ్యూజియంలో మావటీలతో సహా వెండి తీగ ఏనుగులున్నాయి. చేసినవాళ్లు మన విశ్వబ్రాహ్మణులు, వాడినవాళ్లు నవాబులు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పనిలో ఒక సుఖం ఉంది. కరిగిస్తే వచ్చే వెండి కొంచెమే కాబట్టి కరిగించాలన్న బుద్ధి తొందరగా పుట్టదు.

మళ్లీ కుంపటి దగ్గరికి వద్దాం, బొగ్గులు సన్నగిల్లుతున్నాయి.

అవుసులాయన ఝూమర్‌ని తక్కెడలో పెట్టాడు. "లోపల లక్కున్నది ఆపా. అది పోను, ముత్యాలు పోను, నాలుగు తులాలుంటది." ధర కట్టి కాగితం ముక్క మీద రాశాడు. ఆపా కాగితం చూసింది, ఝూమర్ చూసింది. "ఇది మా నానీది. ఆమె నికాకు పెట్టుకున్నది. తర్వాత మా అమ్మీ, తర్వాత నేను. మూడు పెళ్లిళ్లల్ల మూడు సార్లు మెరిసింది. మిగిలిన రోజులన్నీ మూటలనే" అంది. నేను ఊరుకోలేక నా అరవై తులాల కథ చెప్పాను. అవుసులాయన నన్ను కోపంగా చూశాడు. అతనికి వచ్చే బేరాన్ని నేను చెడగొడుతున్నాను కదా. అయినా తనే, "కొక్కెం ఇరిగింది ఆపా. అమ్మినా అమ్మకున్నా అతికిస్త, ఇట్లిచ్చిపో" అన్నాడు.

"తూకం కాగితం ఇయ్యి. కొడుకుకు చూపిస్త. అమ్మేది తర్వాత చూద్దాం" అంది ఆపా.

ఆయన కొక్కేన్ని విడదీసి, వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంటని సూదిలా సాగదీశాడు. కొక్కెం ఎర్రబడి, టంకం తళుక్కుమని పారింది. ఆపాని నేనే అడిగాను, అవుసులాయన వేసిన ప్రశ్నే, నెత్తికి వెండి ఎందుకని. ఆవిడ నవ్వి, "మా నానీ అబ్బాకు బంగారం కొనే పైసల్ లేవు బెహెన్. కాని బిడ్డ నెత్తి ఖాళీగ పంపుతడా?" అంది. తుర్క్‌మెన్, యెమెన్, థాలర్, కల్దారు అని ఇంతసేపు మీ చెవులు కొరికాను, ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది.

ఈలోగా వెనకాల గజ్జెల చప్పుడు. మా మనవరాలు బల్ల మీద ఆరబెట్టిన పట్టీని తీసుకుని, అవుసులాయన అద్దం ముందు నిలబడి, క్లిప్పుతో తలకి తగిలించుకుంది. గజ్జెలు కుడి కణత మీద వేలాడుతున్నాయి.

"అయ్యో, కాలికి పెట్టేది నెత్తికి పెడతవా బిడ్డా! తియ్యి తియ్యి" అని అవుసులాయన ఊదుగొట్టం కింద పడేశాడు.

ఆపా వంగి దాని గడ్డం పట్టుకుని అద్దం వైపు తిప్పింది. "అటు కాదు బేటా," అంటూ క్లిప్పు ఊడదీసింది, "ఎడమ దిక్కు."